పైలం అర్ర తలుపు

పాస్టరు గారి భార్యకు ఇల్లంటూ ఒకటి ఉండదు. బదిలీలు మాత్రం ఉంటాయి. బందరు పక్క పల్లెలో బడిపంతులు గారమ్మాయిగా పెరిగిన రత్నమాలకు ఈ సంగతి పెళ్లయిన కొత్తలోనే తెలిసొచ్చింది. ఉదయ్ భాస్కర్ గారిని కట్టుకున్నది మొదలు, పైవాళ్లు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు సామాను లారీకెత్తడమే ఆమె సంసారం. ఒక ఊళ్లో ఆమె నాటిన అరటికి గెల దిగేసరికి, కోసుకున్నది తర్వాత వచ్చిన పాస్టరమ్మ. ఆవిడ పాపం ఫోను చేసి మరీ పళ్లు తియ్యగా ఉన్నాయని చెప్పింది.

పోనీ ఉన్నన్నాళ్లయినా ఆ ఇల్లు తనదా అంటే అదీ లేదు. పొద్దున లేచి తలుపు తీస్తే వరండాలో ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. పిల్లకు జ్వరం, ప్రార్థన చేయండి అని ఒకరు. కోడలు మాట వినడం లేదు, మందలించండి అని మరొకరు. ఏ పనీ లేకపోయినా అయ్యగారింట్లో కాఫీ బాగుంటుందని వచ్చేవాళ్లు ఇంకొందరు. తలనొప్పిగా ఉండి పాస్టరమ్మ పగటిపూట కాసేపు నడుం వాల్చిందా, సాయంత్రానికల్లా ఆ వార్త చర్చి సంఘమంతా పాకిపోతుంది. పాస్టరు దంపతులకు పిల్లలు కలగలేదు. "సంఘమే మీకు పిల్లలు అమ్మగారూ" అని అందరూ అనేవాళ్లు. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఇంతమంది పిల్లలున్న తల్లి ఒక్క పూటయినా గది తలుపు వేసుకుని కూర్చోగలదా అని మాత్రం మనసులో అనుకునేది.

దేవుణ్ణి ఆమె మేడలూ మిద్దెలూ అడగలేదు. నేను మూస్తే మూసుకుని ఉండే తలుపు ఒక్కటి ఇవ్వు తండ్రీ అనుకుంది. అదైనా పైకి అడగడానికి సిగ్గుపడింది.

ఆఖరి బదిలీ హైదరాబాదుకు అనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అపార్టుమెంటు ఇస్తారనుకుంది. తీరా వచ్చి చూస్తే కోకాపేట దాటాక, తెల్లాపూర్ పోయే దారిలో, అద్దాల మేడలు రెండింటి నడుమ ఇరుక్కున్న పాత రాతి ఇల్లు. మేడల్లో ఉండేవాళ్లు పైనుంచి చూసి దాన్ని ఏదో రిసార్టు అనుకుంటారట. ఊరివాళ్లు పాదిరి బంగ్లా అంటారు.

ఆ ఇల్లు కట్టేనాటికి చుట్టూ రాతి గుండ్లు, జొన్నచేలు, మేకలు తప్ప ఏమీ లేవు. గుర్రమెక్కి ఊళ్లు తిరిగే ఒక మిషనరీ దొర, ఆ గుండ్లనే పగలగొట్టించి, గానుగ పట్టిన సున్నంతో గోడలు లేపించాడు. కిటికీ గట్టు మీద మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు, గోడలు అంత మందం. మూడు పక్కలా వరండా, దానికి పెంకుల చూరు. లోపలి కప్పు టేకు దూలాల మీద ఇటుక పేర్చి సున్నం దట్టించింది. బూజు దులపాలంటే రెండు వెదురుకర్రలు కలిపి కట్టాల్సిందే. కప్పు కిందుగా గోడల్లో గుండ్రటి గాలికంతలు. ఇంట్లోని వేడి వాటిలోంచి పైకి పోయేది, వీధిలోని చప్పుడు వాటిలోంచి లోపలికి వచ్చేది. రోడ్డు మీద ఎవరు దగ్గినా పడకగదిలో వినిపించేది. వంటిల్లు మాత్రం ఇంటికి దూరంగా వెనక కట్టి, మధ్యలో ఒక నడవ పెట్టారు. వానలో పులుసు గిన్నె పట్టుకుని ఆ నడవలో నడిచినప్పుడల్లా రత్నమాల దొరను తలుచుకునేది. ఆ తలపులో భక్తి తక్కువ.

ఇంత ఇంట్లోనూ విడ్డూరమైనది వరండా కొసన ఉన్న చిన్న గది. దానికి రెండు తలుపులు. ఇంట్లోకి తెరుచుకునే తలుపుకు రెండు పక్కలా గడియలున్నాయి. రోడ్డు వైపు తలుపుకు మాత్రం గడియ లోపలే ఉంది. బయటినుంచి తాళం వేద్దామంటే గొళ్లెం లేదు, కొండీ లేదు, పెట్టిన ఆనవాలు కూడా లేదు. చేయించడం మరిచిపోయారేమో అనుకుని రత్నమాల పక్కనే ఉన్న చర్చిలో గంట కొట్టే ఎల్లేశాన్ని అడిగింది. ఎల్లేశానికి ఆ చర్చితో మూడు తరాల సంబంధం.

"మరిశిపోలేదమ్మా, దొర గట్లనే కట్టిచ్చిండు," అన్నాడు ఎల్లేశం. "గిది పైలం అర్ర. ఎవలికన్న ఆపదొస్తె ఉరికొచ్చి గిండ్ల జొర్రి గడె ఏసుకుంటరు. ఇగ ఎవ్వడు తియ్యలేడు. పాదిరి గూడ తియ్యలేడు. లోపటున్నోళ్లదే అఖ్తియార్."

పైలమంటే వాళ్ల మాటలో భద్రం, అఖ్తియారంటే అధికారం. వెట్టి చేయలేక పారిపోయి వచ్చినవాళ్లు, పంచాయితీలో తన్నులు తప్పించుకున్నవాళ్లు, మొగుళ్లు తరిమిన ఆడవాళ్లు ఆ గదిలో తలదాచుకున్నారట. దానికో పద్ధతి కూడా ఉంది. గదిలో ఎప్పుడూ ఒక చాప, నీళ్ల కుండ ఉండాలి. లోపలి గడియ పడిన చప్పుడైతే పాస్టరు గారింట్లోవాళ్లు ఎవరు, ఎందుకు, ఏ మతం అని అడగకూడదు. ఇంటి వైపు తలుపు తట్టి, అన్నం గిన్నె కింద పెట్టి, పక్కకు తప్పుకోవాలి. ఇల్లు పాస్టరుదే గానీ ఆ గది మాత్రం భయపడ్డవాళ్లది.

"ఇదొకటి తక్కువైందండీ మనకు," అంది రత్నమాల భర్తతో. ఆయన నవ్వాడు. అయినా కుండలో రోజూ నీళ్లు మార్చింది ఆమే.

ఒకరోజు ఉదయం ఆమె బియ్యం ఏరుతుంటే గడియ పడిన చప్పుడైంది. అన్నం వండి తీసుకెళ్లి, తలుపు తట్టి, గిన్నె పెట్టి వచ్చింది. మధ్యాహ్నానికి గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆ వచ్చిన మనిషి పేరు లక్ష్మీదేవి. అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లు. మొగుడు నారాయణప్ప పక్కన లేస్తున్న మేడకు కావలి. ఆ మేడ సెల్లారులో రేకుల గది వాళ్ల కాపురం. కూతురు దివ్య కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. నారాయణప్ప తాగడు. తాగేవాడైతే తాగిన రోజే కొట్టేవాడు. వాడిది అనుమానం, దానికి ఆదివారం సెలవు కూడా లేదు.

ఈ సంగతులన్నీ రత్నమాలకు ఒక్కరోజులో తెలియలేదు. ఆ తర్వాత వాడు కొట్టినప్పుడల్లా లక్ష్మీదేవి వచ్చి కాసేపుండి వెళ్లేది, గడియ మాత్రం తీసేది కాదు. తలుపుకు అవతల ఆమె చాప మీద, ఇవతల రత్నమాల చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ. మధ్యలో టేకు చెక్క. మొహం కనపడకపోతే మాట తేలిగ్గా వస్తుందేమో, లక్ష్మీదేవి అన్నీ చెప్పేది. రత్నమాల కూడా తన సంగతులు కొన్ని చెప్పుకుంది. ముప్పయ్యేళ్లుగా పాస్టరమ్మ అందరి బాధలూ విన్నదే గానీ, ఆమె బాధ విన్నవాళ్లు లేరు.

"మేము మీ మతమోళ్లము గాదు కదమ్మా. ఇట్ల వస్తే మీ వాళ్లు ఏమన్నా అంటారేమో," అందొకసారి లక్ష్మీదేవి.

"నేనడిగానా మతం? నువ్వెప్పుడొచ్చినా ఈ తలుపు తీసే ఉంటుంది. నేనుండగా దీన్ని ఎవరూ మూయరు."

నోటి మాటగా అన్నది కాదది. ఆ క్షణాన రత్నమాల నిజంగానే అంది.

ఇలా ఉండగా చర్చి పెరిగింది. పూర్వం ఊరివాళ్లు నాలుగు బెంచీలకు సరిపోయేవారు. ఇప్పుడు తెల్లాపూర్ నుంచి, కూకట్‌పల్లి నుంచి సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కార్లేసుకుని రావడం మొదలైంది. కుర్చీలు కొన్నారు, స్పీకర్లు కొన్నారు, పాటలకు కీబోర్డు కొన్నారు. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? ఖాళీగా ఉంది కదా అని పైలం అర్రలో పెట్టారు. నూరేళ్లలో ఆ గదిలో దొంగతనం జరగలేదు, దొంగిలించడానికి కుండా చాపా తప్ప ఏమీ లేవు గనక. స్పీకర్లు పెట్టిన ఏడాదికే అవి పోయాయి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అప్పుడు కమిటీ కూర్చుంది. తాళం లేని గదిలో స్పీకర్లు పెట్టిందెవరు అని అడిగినవాడు లేడు. గదికి తాళం లేదేమిటి అని అందరూ అడిగారు.

కమిటీ కార్యదర్శి తేజ. గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం. మంచివాడు, అందులో అనుమానం లేదు. ఎవరికైనా రక్తం కావాలంటే ముందు పరిగెత్తేది అతనే. "అమ్మగారూ, మీరు ఇన్నాళ్లూ ఇంత ఇన్‌సెక్యూర్‌గా ఎలా ఉన్నారండి? మొత్తం రెనొవేట్ చేసేద్దాం," అన్నాడు. చందాలు క్షణాల్లో పోగయ్యాయి. గోడలకు నున్నగా సిమెంటు పూశారు. ఏసీ చల్లదనం పోకుండా గాలికంతలు పూడ్చేశారు. కిటికీలకు రెండు పొరల అద్దాలు బిగించారు. వరండాకు గ్రిల్లు పెట్టారు. పైలం అర్ర రోడ్డు వైపు తలుపు గ్రిల్లుకు బయటే ఉండిపోయింది. దానికి నంబర్లు నొక్కే తాళం, పైన చిన్న కెమెరా బిగించి, కెమెరాను రత్నమాల ఫోనుకు కలిపారు. ఆ తాళం చూసి ఎల్లేశం తల గోక్కున్నాడు గానీ, అతన్ని అడిగినవాళ్లెవరూ లేరు.

"నిజంగా ఆపదలో ఉన్నవాళ్లు వస్తే ఎలా తేజా?" అన్నాడు ఉదయ్ భాస్కర్, పని పూర్తయిన రోజు కమిటీ ముందు నసుగుతూ.

"అది కూడా ఆలోచించానండి అయ్యగారూ. బైబిల్లో అందరికీ నోటికొచ్చిన వాక్యం నంబరే కోడ్, మూడు, పదహారు. ముందో సున్నా. సండేస్కూలు పిల్లాడిని అడిగినా చెబుతాడు. మనవాళ్లెవరైనా రాగానే తీసుకోవచ్చు, దొంగలకు మాత్రం తెలియదు."

బాగుంది బాగుంది అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆపదలో వచ్చేవాళ్లకు ఆ వాక్యం కంఠతా వచ్చే ఉంటుందని అక్కడ కూర్చున్నవాళ్లందరికీ నమ్మకం. తెలియనివాళ్లు దొంగలే అయి ఉంటారు. చదువుకున్న మంచివాళ్లు కలిసి కూర్చుంటే తప్ప ఇలాంటి తప్పు జరగదు.

రత్నమాలకు లక్ష్మీదేవి గుర్తు రాకపోలేదు. వచ్చింది. కానీ ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆమె పడకగది తలుపు వేసి, అద్దాల కిటికీ మూసి, ఏసీ కింద కూర్చుంది. రోడ్డు చప్పుడు లేదు, దగ్గు లేదు, "అమ్మగారూ" అనే పిలుపు లేదు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె చెవులకు తీరిక దొరికింది. సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకుంది.

కొన్నాళ్లకు ఆదివారం ఆరాధన అయిపోయే వేళకు లక్ష్మీదేవి గేటు దగ్గరకు కరివేపాకు తీసుకుని వచ్చింది. ఆమె చూపు కొత్త తాళం మీదే ఉంది.

"అమ్మా, ఆ తలుపుకు ఏందో పెట్టినారే. నేనొస్తే ఎట్ల తియ్యల్ల?"

రత్నమాల చుట్టూ జనం ఉన్నారు. చెప్పాలంటే నాలుగు మాటలు. కానీ చెబితే రేపే వస్తుంది, ఎల్లుండి వస్తుంది, మళ్లీ అన్నం గిన్నె, మళ్లీ తలుపవతల ఏడుపు. నాలుగు రోజులు పోనీ అనిపించింది. అనిపించిన మాటకు పైన నవ్వు పూసింది.

"చెబుతాలే, మళ్లీ వచ్చినప్పుడు. ఇప్పుడంతా హడావుడిగా ఉంది కదా."

"సరేమ్మా," అని లక్ష్మీదేవి కరివేపాకు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మొహం చిన్నబుచ్చుకోలేదు. పాస్టరమ్మ చెబుతానంటే చెబుతుందని నమ్మింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. అయ్యగారు దవాఖానలో ఎవరినో చూడటానికి వెళ్లారు. రత్నమాల పడకగదిలో ఫోను ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో స్త్రీల సమాజం ఆన్‌లైన్ కూటంలో ఉంది. ఆ రోజు ప్రార్థన నడిపించేది ఆమే. రోగుల కోసం ప్రార్థించింది, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించింది, ఉద్యోగాలు పోతాయని భయపడుతున్నవాళ్ల కోసం ప్రార్థించింది. మధ్యలో ఫోను పైభాగాన చిన్న గంట బొమ్మ కనబడింది, తలుపు దగ్గర ఎవరో ఉన్నారని. కొరియర్ అనుకుని వేలితో పక్కకు తోసేసింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ తోసేసింది.

మర్నాడు పొద్దున ఎల్లేశం పరుగున వచ్చాడు.

"అమ్మా, గా లచ్చిందేవిని సంపిండమ్మా వాడు. సెల్లార్ల. పోలీసులొచ్చిండ్రు. వాడు ఉరుకనన్న లేదు, గక్కడనే కూసున్నడంట."

రత్నమాల గోడ పట్టుకుంది. కొత్త సిమెంటు చేతికి చల్లగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ గంట బొమ్మ. ఫోను తీసి చూడటానికి ఆమెకు చాలాసేపు ధైర్యం చాలలేదు.

కెమెరా అంతా రికార్డు చేసి ఉంచింది. లక్ష్మీదేవి కొంగు నెత్తిన కప్పుకుని, తడిసి ముద్దయి, తలుపు ముందు నిలబడింది. ముందు చేత్తో తోసింది. తర్వాత తాళం వంక చూసింది. ఒక అంకె నొక్కింది, ఆగింది, ఇంకొకటి నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్లీ నొక్కింది. ఆమె చదువుకోలేదు; అంకెలు ఫోనులో దివ్యకు చేయడానికి గుర్తుపట్టినంతే. చాలాసార్లు తప్పు నొక్కేసరికి తాళం తనంతట తనే బిగుసుకుపోయింది. అప్పుడు తలుపు మీద అరచేత్తో కొట్టి, "అమ్మా, నేనే" అంది. పాత గాలికంతలుంటే ఆ మాట పడకగదిలోకి నేరుగా వచ్చేది. ఆమె మెట్టు మీద కూర్చుంది.

నారాయణప్ప గొడుగు వేసుకుని వచ్చాడు. అరవలేదు, చెయ్యెత్తలేదు. పక్కన కూర్చుని చాలాసేపు ఏదో చెప్పాడు. గొడుగు ఆమె మీదికి వంచి పట్టాడు. ఆమె లేచింది. పోతూ పోతూ తలుపు వంక ఒకసారి తిరిగి చూసింది. చూసేవాళ్లెవరైనా పోట్లాడుకున్న ఆలుమగలు రాజీపడ్డారనే అనుకుంటారు.

రత్నమాల ఆ వీడియో భర్తకు చూపించింది. ఆయన తేజకు చూపించాడు. తేజ మొహం తెల్లబోయింది. కాసేపు తల వంచుకుని ఏడ్చాడు కూడా. ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"పోలీసులు అడిగితే ఇద్దామండి. వాడు ఎలాగూ ఒప్పేసుకున్నాడు. మనంతట మనం ఇస్తే చానెళ్లవాళ్లు చర్చి మీద పడతారు. ఎవరైనా అడిగితే అమ్మగారు ఆ టైంకి ఊళ్లో లేరని చెబుదాం. దానివల్ల ఎవరికీ నష్టం లేదు కదండి."

"ఏవండీ, మీరేమంటారు?" అంది రత్నమాల.

ఉదయ్ భాస్కర్ ఆమె కళ్లలోకి చూడలేదు. "రిటైర్మెంటు దగ్గరపడింది రత్నా. అతను చెప్పేదీ కాస్త ఆలోచించు," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో ఉన్నదే. ఇక్కడ కాలింది ఒకరి ప్రాణం, ఆకులు మాత్రం వీళ్లు పట్టుకున్నారు. ఆమెకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు. ఆయన చెప్పిన మాట తనకూ రుచించింది.

తల్లికి ఊళ్లో చేయాల్సినవన్నీ చేసి దివ్య తిరిగి వచ్చింది. వచ్చిన రోజే బంగ్లాకు వచ్చింది. గ్రిల్లు బయట చెప్పులు విడిచి, లోపలికి రమ్మన్నా రాకుండా వరండా అంచున కూర్చుంది. బక్కపలచటి పిల్ల, తల్లి పోలికే. అయ్యగారు గుమ్మంలో నిలబడ్డారు.

"మా యమ్మ మీ గురించి శానా చెప్పేది," అంది దివ్య. "ఆ పొద్దు నాకు ఫోన్ చేసింది. పాదిరమ్మ ఇంటికి పోతాండా, నువ్వేం భయపడొద్దు అనింది. అందుకే నేను రాలేదు. మీరు ఊర్లో లేరంట కదా. మీ చర్చి సార్లు చెప్పినారు."

తల ఊపితే చాలు. ఆ పిల్ల నమ్ముతుంది, దండం పెట్టి పోతుంది. గుమ్మంలో నిలబడ్డ ఆయన ఊపిరి బిగపట్టాడని రత్నమాలకు చూడకుండానే తెలిసింది.

"ఉన్నానమ్మా. ఇంట్లోనే ఉన్నాను. నాకు వినిపించలేదు," అంది.

దివ్య అర్థం కానట్టు చూసింది. తలుపు వంక, తాళం వంక చూసింది.

"దానికి నంబరు ఉంటాది కదా. మా యమ్మకు తెలీదా?"

"తెలియదు."

"అడగలేదా మిమ్మల్ని?"

"అడిగింది. నేనే చెప్పలేదు."

"ఎందుకమ్మా?"

మరిచిపోయానని అనవచ్చు. హడావుడిలో ఉన్నానని అనవచ్చు. అది లక్ష్మీదేవికి చెప్పిన మాటే.

"చెబితే మళ్లీ మళ్లీ వస్తుందని. నాలుగు రోజులు నా ఇంట్లో నేను ప్రశాంతంగా ఉందామని."

ఆ పిల్ల ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. తిడితే బాగుండునని ఆశపడింది కూడా. దివ్య ఆ రెండూ చేయలేదు. మళ్లీ తాళం వంక చూసి మెల్లగా అడిగింది.

"ఎన్ని అంకెలమ్మా అది?"

"నాలుగు."

"నాలుగేనా," అంది దివ్య. లేచి చెప్పులు వేసుకుని, వెనక్కి తిరగకుండా గేటు వైపు నడిచింది.